చేప మెదడులో చెత్త ఎత్తే కణాలు: నిజంగా వాటి పని అదేనా?

ఉప్పల్_అక్వేరియం
అందరికీ నమస్తే. మా ఇంట్లో రెండు తొట్లు ఉన్నాయి, ఒకదాంట్లో గోల్డ్‌ఫిష్, ఇంకోదాంట్లో జీబ్రా డానియోలు, అంటే జీబ్రాఫిష్. ఈ డానియోల మీద ప్రపంచమంతా పరిశోధనలు చేస్తుంటారని తెలుసు కానీ మొన్న చదివిన ఒక సంగతి మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. చేప మెదడు మీద రక్తనాళాలను అంటిపెట్టుకుని కొన్ని ప్రత్యేకమైన కణాలు ఉంటాయట, మెదడులో పేరుకునే వ్యర్థాలను అవి మింగేస్తాయట, అలాంటివే మనకూ ఉన్నాయట, ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బులతో వాటికి సంబంధం ఉండొచ్చట. పొద్దున్నే కాలనీలోకి వచ్చే చెత్త ఆటోల్లాంటివి అనుకోవచ్చా వీటిని? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. చేప మెదడులో ఇలాంటి ప్రత్యేకమైన కణాలు ఇంకేమైనా ఉంటే వాటి గురించి కూడా.

డానియో_ల్యాబ్
నేను ఇక్కడే ఒక ల్యాబ్‌లో జీబ్రాఫిష్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఈ కణాలు నా టాపిక్ కాదు కానీ పేపర్లు చదివాను. మీరు చదివింది 2017లో వచ్చిన పని. ఆ ఒక్క ఏడాదిలోనే మూడు చోట్ల ఇంచుమించు ఇవే కణాలను జీబ్రాఫిష్‌లో పట్టుకున్నారు. అమెరికాలో బెథెస్డాలో బ్రాంట్ వైన్‌స్టీన్ బృందం, జర్మనీలో మ్యూన్‌స్టర్ నుంచి ఒక బృందం, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నుంచి బెన్ హోగన్ బృందం.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇవి నాడీకణాలు కావు, మెదడు లోపల కూడా ఉండవు. మెదడును కప్పి ఉంచే పల్చటి పొరల్లో, రక్తనాళాల వెంబడి ఒక్కొక్కటిగా అతుక్కుని ఉంటాయి. లోపల పెద్ద పెద్ద తిత్తులు, వాటిలో ఏ రంగూ వేయకపోయినా తనంతట తాను మెరిసే పదార్థం. ఎలుకల మెదడులో ఇలాంటి మెరిసే రేణువులున్న కణాలను జపాన్ శాస్త్రవేత్త మసావో మాటో 1980ల్లోనే వర్ణించాడు, అందుకే వాటిని మాటో కణాలు అని కూడా అంటారు. అప్పట్లో అందరూ వాటిని మాక్రోఫేజ్‌ల బాపతు, అంటే రోగనిరోధక కణాలే అనుకున్నారు.

జీబ్రాఫిష్ ఇక్కడే పనికొచ్చింది. పిండం తల్లి కడుపులో కాకుండా బయట నీళ్ళలో పెరుగుతుంది, ఒళ్ళంతా పారదర్శకం, కాబట్టి ఒక కణం ఎక్కడ పుట్టి ఎటు పోతుందో మైక్రోస్కోప్ కింద గంటల తరబడి వీడియో తీసి చూడొచ్చు. అలా చూస్తే ఇవి రక్తకణాల వంశం నుంచి రావట్లేదు, సిర గోడలోంచి మొలిచి, విడిపోయి, మెదడు మీదుగా పాకుతూ పోతున్నాయి. వీటిలో పనిచేసే జీన్లు చూస్తే లింఫ్ నాళాల (ఒంట్లో మిగిలిపోయిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే గొట్టాలు) గోడ కణాలకు దగ్గరి చుట్టాలు. కానీ గొట్టాలు మాత్రం కట్టవు, విడివిడిగానే ఉండిపోతాయి. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇదే. లింఫ్ కణం పుట్టిందే గొట్టం కట్టడానికి అనుకుంటాం కదా.

లెక్కల_మాస్టారు
అమ్మా, చాలా బాగా చెప్పారు. మా రోజుల్లో జీవశాస్త్రం పుస్తకంలో మెదడుకు లింఫ్ నాళాలే ఉండవని రాసి ఉండేది. అది మారిందా?

డానియో_ల్యాబ్
మారింది మాస్టారూ. 2015లో ఎలుకల్లో మెదడు పైపొరల్లో లింఫ్ నాళాలు ఉన్నాయని రెండు బృందాలు చూపించాయి. మెదడు కండ లోపల మాత్రం లేవు, పైన పొరల్లో ఉన్నాయి. అంతకు మూడేళ్ళ ముందు, 2012లో, మైకెన్ నెడర్‌గార్డ్ బృందం ఎలుకల్లోనే రక్తనాళాల పక్కనుంచి ద్రవం ప్రవహిస్తూ మెదడును కడుగుతోందని చెప్పింది. చేపల్లో ఈ కణాల మీద అంత ఆసక్తి రావడానికి వెనకున్న సందర్భం ఇదే. మెదడు తన వ్యర్థాలను ఎలా బయటికి పంపుతుంది అనే ప్రశ్న అప్పటికే వేడి మీద ఉంది.

న్యూరో_రెసిడెంట్
నేను న్యూరాలజీ చదువుతున్నాను. చెత్త ఆటో అనే మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది, ఎందుకో చెప్తాను.

ఆ కణాలు వ్యర్థాలను మింగుతాయని ఎలా తెలిసింది? రంగు పదార్థాన్ని చేప లార్వా (గుడ్డులోంచి కొత్తగా బయటికొచ్చిన చిన్న పిల్ల) మెదడు దగ్గర సూదితో ఎక్కించారు, కాసేపటికి అది ఈ కణాల్లో కనిపించింది. అంటే ఎక్కించిన పదార్థాన్ని ఇవి లోపలికి తీసుకోగలవు అని రుజువైంది. అంతే. కాలేయంలో రక్తనాళాల గోడ కణాలు కూడా రక్తంలో తేలే పదార్థాలను లాగేసుకుంటాయి, మన ఒంట్లో ఇలా లాగే కణాలు చాలా ఉన్నాయి. సూదితో ఎక్కించినదాన్ని తీసుకోవడం వేరు, రోజూ మెదడులో తయారయ్యే వ్యర్థాలను ఎత్తడం వాటి అసలు పని కావడం వేరు. చెత్త ఆటో అయితే ఎత్తిన చెత్తను డంప్ యార్డుకు తీసుకెళ్తుంది కదా, ఇవి మింగినదాన్ని ఎటు పంపిస్తున్నాయి? లోపలే కరిగించేస్తున్నాయా, తిత్తుల్లో దాచుకుంటున్నాయా? ఆ మెరిసే పదార్థం దాచుకున్నదే అయితే అదేమిటి? ఇవి తేలకుండా దీని పని ఇది అనేస్తే తొందరపాటు. పేపర్లలో కూడా 'కావచ్చు' అనే రాశారు, జనంలోకి వచ్చేసరికి 'కావచ్చు' ఎగిరిపోయింది.

ఉప్పల్_అక్వేరియం
డాక్టర్ గారూ, మరి ఒక కణం పని ఇదీ అని గట్టిగా చెప్పాలంటే ఏం చేయాలి?

న్యూరో_రెసిడెంట్
తీసేసి చూడాలి. ఆ కణాలు లేకుండా చేస్తే ఏం ఆగిపోతుందో అది వాటి పని. మనుషుల్లో చేయలేం, అందుకే ఎప్పుడూ పక్షవాతం వచ్చిన పేషెంట్లను చూసి వెనక్కి లెక్క కట్టుకుంటాం. చేపల్లో చేయొచ్చు.

డానియో_ల్యాబ్
డాక్టర్ గారు అడిగింది సరైన ప్రశ్న, దానికి సగం జవాబు ఆ 2017 పేపర్లలోనే ఉంది. బ్రిస్బేన్ వాళ్ళు ఈ కణాలు లేని చేపలను చూశారు. ఏమైందంటే మెదడు పొరల మీద రక్తనాళాలు పెరగాల్సినంత పెరగలేదు. అంటే ఇవి పక్కనున్న నాళాలకు పెరుగుదల సంకేతాలు ఇస్తున్నాయి. ఆ సంగతి వార్తల్లో రాలేదు, చెత్త సంగతే వచ్చింది. నా లెక్కలో అయితే నాళాలను పెంచడం అనే పనికి ఇవాళ ఉన్న రుజువు, శుభ్రం చేయడానికి ఉన్న రుజువు కంటే గట్టిది, ఎందుకంటే మొదటిది తీసేసి చూసి చెప్పింది.

సైదాబాద్_సుమతి
ఇంతసేపు చదువుతూ ఉన్నాను, అడగాలా వద్దా అనుకుని అడుగుతున్నాను. మా నాన్నగారికి అల్జైమర్స్. ఇప్పుడు నన్ను గుర్తుపడతారు, మా తమ్ముడిని ఒక్కోసారి పట్టరు. ఈ కణాల గురించి వాట్సాప్‌లో వచ్చింది, మెదడును శుభ్రం చేసే కణాలు దొరికాయి, మందు వచ్చేస్తుంది అని. దాని కిందే ఏదో పొడి అమ్ముతున్నారు. ఇందులో మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

న్యూరో_రెసిడెంట్
సుమతి గారూ, ఉన్నది ఉన్నట్టే చెప్తాను. ఇవాళ మీ నాన్నగారికి ఇవ్వగలిగిన మందు ఏదీ ఈ కణాల నుంచి రాలేదు. 2020లో ఇలాంటి కణాలు ఎలుకల మెదడు పొరల్లోనూ మనుషుల మెదడు పొరల్లోనూ ఉన్నాయని ఒక పేపర్ వచ్చింది, ఎలుక కణాలు అమైలాయిడ్ బీటా అనే ప్రోటీన్‌ను లోపలికి తీసుకుంటాయని అందులో చూపించారు. అల్జైమర్స్‌లో మెదడులో గడ్డకట్టే ప్రోటీన్లలో అది ఒకటి, కాబట్టి దారి ఆసక్తికరమైనదే. కానీ తీసుకోగలగడం వేరు, జబ్బును ఆపగలగడం వేరు, పైన నేను మొత్తుకున్నది ఇందుకే.

ఆ పొడి కొనకండి. మెదడును కడిగే పొడి అనేది లేదు. ఆ డబ్బుతో నాన్నగారికి బీపీ, షుగర్, థైరాయిడ్, బీ12, వినికిడి ఒకసారి చూపించండి, చెవి సరిగా వినపడకపోయినా మతిమరుపు ఎక్కువగా కనిపిస్తుంది. రాత్రిపూట నిద్ర ఎలా ఉందో మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మిమ్మల్ని గుర్తుపడుతున్నారన్నారు కదా, తమ్ముడు వచ్చినప్పుడు నేనెవరో చెప్పు అని పరీక్ష పెట్టకుండా, 'నాన్నా నేను ఫలానా, వచ్చాను' అని పేరు చెప్పి పలకరించమనండి. వాళ్ళకు టెన్షన్ తగ్గుతుంది.

సైదాబాద్_సుమతి
థాంక్స్ డాక్టర్ గారూ. పొడి ఆర్డర్ పెట్టలేదు, పెట్టను. వినికిడి సంగతి ఎవరూ చెప్పలేదు మాకు, ఈ వారమే చూపిస్తాం.

రాంనగర్_శీను
అన్నలూ, నాది రాంనగర్ మార్కెట్ల చేపల దుకాణం, చిన్నప్పటి నుంచి మా నాయనతోని కూర్చుండి చేపలు కోసినా. చదువు పదో తరగతి. మీరు మాట్లాడేది సగం అర్థమైంది సగం కాలే. మెదడు అయితే రోజూ చూస్తా. కొర్రమీను తల ఎముక చానా గట్టి, రవ్వ, బొచ్చెది అంత ఉండదు. పైన చిప్ప తీస్తే లోపల జిగట కొవ్వు లెక్క ఉంటది, అది తుడిస్తే తెల్లగ మెదడు. కిలోన్నర చేపకు కూడ వేలి గోరు అంత ఉండదు. నడుమ రెండు గుండ్రటి బొడిపెలు పెద్దగ కనిపిస్తయ్. అవేంది? ఇంకోటి, బకిట్ల ఉన్న చేప మీద చెయ్యి నీడ పడితేనే తప్పించుకుంటది, అంత చిన్న మెదడుతోని అంత జల్దీ ఎట్ల?

డానియో_ల్యాబ్
శీను అన్నా, మీరు చూసే ఆ రెండు గుండ్రటి బొడిపెలు చూపుకు సంబంధించిన భాగాలు, కంటి నుంచి వచ్చేదాంట్లో చాలా మటుకు అక్కడికే చేరుతుంది. వాటి ముందు చిన్నగా రెండు ఉంటాయి, అవి ముందు మెదడు, ఇంకా ముందుకు వెళ్తే వాసన పట్టే భాగం. బొడిపెల వెనక ఒక్కటిగా ఉబ్బి ఉండేది చిన్నమెదడు. రవ్వ, బొచ్చె, గోల్డ్‌ఫిష్ ఇవన్నీ ఒకే కుటుంబం, వీటిలో ఇంకా వెనక రుచి చూసే లంబికలు (ఉబ్బెత్తు భాగాలు) కనిపిస్తాయి, గోల్డ్‌ఫిష్‌లో అయితే మరీ పెద్దవి. గోల్డ్‌ఫిష్ గులకరాళ్ళు నోట్లో వేసుకుని, కాసేపు నమిలినట్టు చేసి, రాయిని ఉమ్మేసి తిండిని మింగుతుంది చూశారా? నోటి పైకప్పులో మెత్తటి కండ ఒకటి ఉంటుంది, ఏది తిండి ఏది రాయి అని అక్కడ వేరు చేస్తుంది, ఆ లెక్కంతా ఈ వెనక లంబికల్లోనే.

ఇక జల్దీ ఎట్ల అన్నారు కదా, చేప మెదడులో అన్నిటికంటే పేరున్న కణాలు వాటికే. మౌట్నర్ కణాలు. మొత్తం మెదడులో రెండే రెండు, కుడికి ఒకటి ఎడమకు ఒకటి, వెనక మెదడులో. మామూలు నాడీకణాల పక్కన చూస్తే చాలా పెద్దవి. లూడ్విగ్ మౌట్నర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1859లో వర్ణించాడు. ఎడమ వైపు నుంచి చప్పుడు వస్తే ఎడమ కణం ఒకే ఒక్కసారి పేలుతుంది, అంటే విద్యుత్ సంకేతం పంపుతుంది, దాని తీగ నడిగీత దాటి కుడివైపుకు వెళ్ళి వెన్నుపాము పొడవునా దిగుతుంది, కుడి వైపు కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. చేప ఒళ్ళు సి ఆకారంలో కుడికి వంగి, తల చప్పుడుకు దూరంగా తిరిగిపోతుంది. ఆ తర్వాత తోక కొట్టుడు. చప్పుడు వచ్చాక సెకనులో వందో వంతుకు అటూ ఇటూగా ఒళ్ళు కదలడం మొదలవుతుంది. ఒక కణం పేలితే రెండోది పేలకుండా అప్పటికప్పుడే అడ్డుకట్ట పడుతుంది, లేకపోతే రెండు వైపులా బిగుసుకుని చేప కదలకుండా అక్కడే నిలబడిపోతుంది.

రాంనగర్_శీను
అమ్మ, ఇది మంచిగ అర్థమైంది. బకిట్ల చేప ఎప్పుడు చూసినా ముందు వంకర తిరిగే ఉరుకుతది, సీదా ఉరకదు. ఇన్నేండ్ల నుంచి చూస్తున్నా, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

న్యూరో_రెసిడెంట్
ఇది నాకు ఇష్టమైన కణం, కాబట్టి ఇందులో ఉన్న మెలిక కూడా చెప్పాలి. పైన తీసేసి చూడాలి అన్నాను. మౌట్నర్ కణాలను తీసేసి చూశారు. చేప తప్పించుకోవడం మానలేదు. సి ఆకారంలో వంగింది, పారిపోయింది.

లెక్కల_మాస్టారు
మరి అయితే ఆ కణం పని అది కాదన్నట్టా? మీరు చెప్పిన పద్ధతి ప్రకారం అంతే కదా డాక్టర్ గారూ. 1859 నుంచి తెలిసిన కణానికే ఇలా అయితే 2017లో దొరికినవాటి సంగతి ఏమిటి?

డానియో_ల్యాబ్
మాస్టారూ, ఆ ప్రశ్నకు జవాబు జీబ్రాఫిష్ లార్వాల్లో దొరికింది. మౌట్నర్ కణం వెనకే, కొంచెం కింది మెదడు భాగాల్లో అదే రకం కణాలు ఇంకో రెండు జతలు ఉన్నాయి. 1999లో ఈ మూడు జతలనూ లేజర్‌తో తీసేసి చూశారు. ఒక్క మౌట్నర్‌నే తీస్తే తోక వైపు తగిలిన దెబ్బకు చేప స్పందన మందగించింది, తల వైపు తగిలితే మాత్రం పెద్ద తేడా లేదు. మూడు జతలూ తీసేస్తే తల వైపు స్పందన కూడా ఆలస్యమైంది. అంటే పని పంచుకుంటున్నాయి. ఒకటి పోతే మిగతావి నెట్టుకొస్తాయి, కాకపోతే కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా. మనకు ఆ మిల్లీసెకన్లు లెక్కలోకి రావు, వెనక నోరు తెరుచుకుని వచ్చేది ఉన్న చేపకు వస్తాయి.

అందుకని తీసేసి చూసినా ఆగలేదు కాబట్టి దాని పని అది కాదు అనేయకూడదు. ఎంత ఆలస్యమైంది, ఎటు వైపు దెబ్బకు, వేరే ఏది ఆదుకుంది అని కొలవాలి. చెత్త కణాలకూ ఇదే వర్తిస్తుంది. మెదడులో వేరే శుభ్రం చేసే కణాలు, మైక్రోగ్లియా, ఉండనే ఉన్నాయి. ఇవి లేకపోయినా ఆ చేప బాగానే ఈదుతూ కనిపించవచ్చు.

ఉప్పల్_అక్వేరియం
ఇది చదివి వెతికితే ఇంకో సంగతి దొరికింది, ఇక్కడ పెట్టకుండా ఉండలేకపోతున్నాను. ఆగ్నేయాసియాలో ముక్కు మీద రెండు మీసాలున్న నీటి పాము ఉంది. 2009లో కెనెత్ కటానియా అనే శాస్త్రవేత్త దాని వేటను హైస్పీడ్ వీడియో తీశాడు. పాము ఒళ్ళు వంకీ తిప్పి కదలకుండా ఉంటుంది. చేప ఆ వంకీలోకి రాగానే తలతో కాకుండా ముందు మెడ దగ్గర ఒళ్ళును చిన్నగా కదిలిస్తుంది. చేప అటు నుంచి ప్రమాదం అనుకుని సి ఆకారంలో వంగి ఎటు తిరుగుతుందో తెలుసా? సరిగ్గా పాము నోటి వైపుకే. కొన్నిసార్లు చేప తనంతట తానే నోట్లోకి దూరిపోయింది. పైగా పాము చేప ఉన్న చోటికి కాకుండా, అది రాబోయే చోటికే నోరు వేస్తుంది. చేప మెదడులో రెండు కణాలు ఎలా పనిచేస్తాయో పాముకు తెలిసినట్టే ఉంది.

న్యూరో_రెసిడెంట్
చాలా మంచి ఉదాహరణ. ఒక్కసారి మౌట్నర్ కణం పేలాక ఆ మొదటి వంపును చేప మధ్యలో ఆపలేదు, పాము వాడుకునేది సరిగ్గా దాన్నే. కణం పని ఏమిటో ఇంత గట్టిగా చెప్పే సాక్ష్యం ల్యాబ్ బయట దొరకడం అరుదు.

గచ్చిబౌలి_కోడర్
ఆలస్యంగా వచ్చాను. నేను సాఫ్ట్‌వేర్, న్యూరల్ నెట్‌వర్క్‌ల వైపు నుంచి చేపల మెదడు మీద ఆసక్తి. జీబ్రాఫిష్ లార్వాకు లక్ష నాడీకణాల దాకా ఉంటాయి, 2013లో అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో మిషా ఆరెన్స్, ఫిలిప్ కెల్లర్ వాటిలో ఇంచుమించు 80 శాతం కణాలు ఒక్కొక్కటి వెలగడం ఆరడం బతికున్న లార్వాలో రికార్డ్ చేశారు. నేను ఇక్కడ రాయాలనుకున్నది మాత్రం 2019లో అదే ఆరెన్స్ బృందం నుంచి వచ్చిన పని, ఎందుకంటే అందులో హీరో నాడీకణం కాదు, గ్లియా. నాడీకణాలను మోసే, పోషించే సహాయక కణాలు అని పుస్తకాల్లో ఉండేవి.

ప్రయోగం ఇలా ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల లార్వాను జెల్‌లో కదలకుండా పెడతారు, చుట్టూ తెర మీద చారలు కదులుతాయి, నీటి వాలులో కొట్టుకుపోతున్నట్టు చేపకు అనిపిస్తుంది. అది ఈదాలని చేసే ప్రయత్నాన్ని నరాల నుంచి చదివి చారలను దానికి తగ్గట్టు కదిలిస్తారు. చేప నేను ఈదుతున్నాను అనుకుంటుంది. ఇప్పుడు ఆ లంకె తెంచేస్తారు, ఎంత ఈదినా చారలు మారవు. చేప ఇంకా గట్టిగా ఈదుతుంది, ఇంకా గట్టిగా, తర్వాత ఆపేసి ఊరుకుంటుంది. కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ప్రయత్నం దండగ అయిన ప్రతిసారీ నారడ్రినలిన్ అనే రసాయనాన్ని వదిలే నాడీకణాలు సంకేతం ఇస్తున్నాయి, వెనక మెదడులో గ్లియా ఆ లెక్కను పోగేసుకుంటున్నాయి, ఒక మోతాదు దాటగానే ఈదడం ఆగిపోతోంది.

డాక్టర్ గారి పద్ధతి ఇక్కడ రెండు వైపులా చేశారు. ఆ గ్లియాను పనిచేయకుండా చేస్తే చేప ఆపడం మానేసి ఈదుతూనే ఉంది. వాటిని బయటి నుంచి పనిచేయిస్తే, అప్పుడే మొదలుపెట్టినా ఆపేసింది.

న్యూరో_రెసిడెంట్
తీసేస్తే ఆగాలి, కదిలిస్తే మొదలవ్వాలి, ఈ రెండూ ఉంటే నేను ఇంకేమీ అడగను. పైగా ఇది డిప్రెషన్ మీద పనిచేసేవాళ్ళు చదవాల్సిన పేపర్. ఎంత చేసినా ఫలితం లేదు అని మెదడు ఎక్కడ లెక్క పెట్టుకుంటుంది అనే ప్రశ్నకు గ్లియా వైపు చూడాలని మా కోర్సులో ఎవరూ చెప్పలేదు.

లెక్కల_మాస్టారు
పని తేల్చడానికి శతాబ్దాలు పట్టిన కణాలు కూడా ఉన్నాయా అని మా మనవరాలిని అడిగితే వెతికి చెప్పింది. చేప మెదడు అడుగున, పిట్యూటరీ గ్రంథి వెనక, రక్తనాళాలతో నిండిన చిన్న సంచి ఒకటి ఉంటుంది. దాంట్లో కిరీటం పెట్టుకున్నట్టు తల మీద ఉబ్బెత్తు వెంట్రుకలున్న కణాలు. ఆ సంచి 17వ శతాబ్దం నుంచే తెలుసు, ఎందుకుందో మాత్రం తెలియదు. 2013లో జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు మాసు సాల్మన్ చేపలో తేల్చారు. ఆ కణాల్లో కాంతిని పట్టే ప్రోటీన్లు ఉన్నాయి, ఋతువు మారిందని సంతానోత్పత్తికి కబురు పంపే హార్మోన్ కూడా అక్కడే ఉంది. ఆ సంచిని తీసేస్తే పగలు కురచైనా చేపకు తెలియలేదు, సంతానోత్పత్తి అవయవాలు దానికి స్పందించలేదు. అంటే కళ్ళతో సంబంధం లేకుండా మెదడు అడుగు నుంచే పగటి పొడవు కొలుస్తోంది. చలికాలం వచ్చిందని చేపకు ఎలా తెలుస్తుందని ఏ పిల్లాడైనా అడగగలిగే ప్రశ్న, జవాబుకు మూడు వందల ఏళ్ళు పైనే పట్టింది.

డానియో_ల్యాబ్
మాస్టారూ, మీ మనవరాలికి నా తరఫున అభినందనలు చెప్పండి, ఇది నా లిస్టులో ఉంది, నేను రాసేలోపు మీరు రాసేశారు. దీని వెనక ఇంకా పాత కథ కూడా ఉంది. తేనెటీగల నాట్యం మీద నోబెల్ తీసుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్, 1911లోనే కళ్ళు తీసేసిన చిన్న చేపల ఒంటి రంగు వెలుతురుకు మారుతోందని చూసి, మెదడు లోపల ఎక్కడో వెలుతురు పట్టే కణాలు ఉండాలని అన్నాడు. ఆయన అన్నది నిజమే అయింది.

ఉప్పల్_అక్వేరియం
డాక్టర్ గారూ, చివరగా ఒకటి. చెత్త కణాల విషయంలో మీరు ఒప్పుకోవాలంటే ఏ ప్రయోగం చూపించాలి?

న్యూరో_రెసిడెంట్
పెద్ద చేపలో, లార్వాలో కాదు, ఆ కణాలను మాత్రమే తీసేయాలి, రక్తనాళాల పెరుగుదల అప్పటికే పూర్తై ఉండాలి, లేకపోతే మెదడు పాడైంది నాళాలు తగ్గడం వల్లనా చెత్త పేరుకోవడం వల్లనా తేలదు. ఆ తర్వాత సూదితో ఎక్కించిన రంగును కాదు, మెదడు తనంతట తాను తయారు చేసే ప్రోటీన్‌ను నెలల తరబడి కొలవాలి. పేరుకుంటే, మళ్ళీ ఆ కణాలు తిరిగి పెరిగినప్పుడు తగ్గితే, అప్పుడు చెత్త ఆటో అన్న మాటకు నేనూ సరే అంటాను.

డానియో_ల్యాబ్
రక్తనాళాలు పూర్తయ్యాక తీయాలి అన్న షరతు చాలా ముఖ్యం. కావలసినప్పుడే ఆ ఒక్క రకం కణాలు చచ్చేలా చేసే చేపలను తయారుచేసే పద్ధతి జీబ్రాఫిష్‌లో ఉంది, ఆ కణాల్లో మాత్రమే ఒక బ్యాక్టీరియా ఎంజైమ్ తయారయ్యేలా జీన్ పెడతారు, నీళ్ళలో మందు కలిపినప్పుడు ఆ కణాలే పోతాయి, మందు ఆపితే చాలాసార్లు తిరిగి పెరుగుతాయి. కాబట్టి మీరు అడిగింది చేయగలిగినదే.

లెక్కల_మాస్టారు
శీను బాబూ, మా కాలనీలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఆదివారం సైన్సు చెప్తుంటాను. నాలుగైదు చేప తలలు ఇస్తే మెదడు చూపిస్తాను. డబ్బులిచ్చే తీసుకుంటాను.

రాంనగర్_శీను
మాస్టారు, పైసలేం వద్దు, పిల్లల కోసమే కదా. ఆదివారం ఏడు లోపల రండ్రి, తర్వాత గిరాకీతోని మాట్లాడ వశం కాదు. స్టీలు డబ్బా తెచ్చుకోండ్రి, కింద ఐసు ఏసి ఇస్తా. కొర్రమీను వద్దు, ఎముక పిల్లలతోని పగలదు, రవ్వ తలలు పెడతా. కళ్ళ ఎనక నుంచి అడ్డంగ కోసి, ఆడికెల్లి ముందుకు చిప్ప లేపాలె, కత్తి లోతుకు దించొద్దు, దించితే ఆ రెండు బొడిపెలు చితికిపోతయ్. ఒక తల నేనే తెరిచి చూపిస్తా, మిగతావి మీరు చేసుకోండ్రి.